ఇంజను మార్చిన జీపులో మీటర్లు లేపుట ఎలా?

పెట్రోలు జీపులో డీజిల్ ఇంజను దింపడం మనకు పాత విద్యే. మెటాడోర్ ఇంజను ఎక్కించినవాళ్ళున్నారు, తుక్కులో కొన్న జపాన్ ఇంజను ఎక్కించినవాళ్ళున్నారు. ఇంజను స్టార్టవుతుంది, కొబ్బరికాయ కొడతారు, మేస్త్రీ డబ్బు లెక్కపెట్టుకుంటాడు. డాష్‌బోర్డు మీద ఐదు మీటర్లుంటే ఐదూ పడుకున్నాయని అప్పుడు గమనిస్తారు. వాటిని లేపే పద్ధతి చెబుతాను. శ్రద్ధగా పాటిస్తే ఏడాదంతా మీకు ఊసుపోతుంది.

మొదట, అసలు మీటర్లే అక్కర్లేదని నమ్మి చూడండి. "సౌండు వింటే తెలిసిపోద్ది సార్, ముల్లెందుకు?" అంటాడు మేస్త్రీ. నిజమే, ఆయిలు అందని ఇంజను చప్పుడు వీధి చివరిదాకా వినబడుతుంది. కాకపోతే అప్పటికే బేరింగులు పోయి ఉంటాయి.

నమ్మకం కుదరకపోతే టెంపరేచర్ మీటరు పట్టుకోండి. పాత ఇంజనును తుక్కుకు వేసేటప్పుడు దాని సెన్సర్లు మాత్రం విప్పి దాచుకోకండి, ఆ పిసినారితనం మనకెందుకు? కొత్త ఇంజను హెడ్డు మీద దాని సెన్సరు ఎలాగూ ఉంటుంది, పాత వైరు దానికే తగిలించేయండి. ఈ సెన్సరు వేడెక్కేకొద్దీ దాని నిరోధం తగ్గుతుంది, ఆ తగ్గుదలను బట్టి ముల్లు లేస్తుంది. ఎంత వేడికి ఎంత తగ్గాలన్నది కంపెనీకో లెక్క. జాతకాలు చూడకుండా చేసిన ఈ పెళ్ళిలో చల్లటి ఇంజనుకు ముల్లు ఎర్రగీత దాటొచ్చు, ఉడికే ఇంజనుకు కిందే కునుకు తీయొచ్చు. మీటరుకు జోడైన సెన్సరు తెచ్చి, మర కలవకపోతే లేత్ షాపులో ఒక అడాప్టరు చేయిస్తే గొడవ వదిలిపోతుంది. అందుకే ఆ పని చేయకుండా కొత్త మీటరు కొనండి, అదీ తప్పు చూపిస్తే ఇంకోటి కొనండి. ఇంకో మాట. రేడియేటరు నీళ్ళన్నీ కారిపోతే సెన్సరు నీటిని వదిలి ఆవిరిలో తేలుతుంది, ముల్లు హాయిగా కిందికి దిగుతుంది. చూసి సంతోషించండి.

ఆయిల్ మీటరుకూ ఇదే సూత్రం. కొత్త ఇంజను మీదున్నది చాలాసార్లు ఉత్త స్విచ్చి, దీపం వెలిగించడం, ఆర్పడం తప్ప దానికి ఏమీ రాదు. దాన్ని ముల్లు మీటరుకు కలిపితే ముల్లు ఈ చివరో ఆ చివరో అతుక్కుంటుంది. మధ్యస్థంగా ఉండే మీటర్లంటే ఎవరికి గౌరవం?

అన్నిటికంటే ముఖ్యం, ఇంజనుకు ఎర్త్ పట్టీ వేయించకపోవడం. ఇంజను కూర్చునేది రబ్బరు ఫౌండేషన్ల మీద, రబ్బరులోంచి కరెంటు పోదు. సెన్సరుకేమో ఒకటే వైరు, తిరుగుదారి ఇంజను ఇనుములోంచి ఛాసిస్‌కు చేరాలి. పాత పట్టీ పాత ఇంజనుతోనే వెళ్ళిపోయింది. బ్యాటరీ ఎర్త్ ఛాసిస్‌కే ఉంటే స్టార్టరు లాగే కరెంటంతా దారి వెతుక్కుని ఏ యాక్సిలరేటర్ కేబులులోంచో పోతుంది. కేబులు కాలి చెయ్యి చురుక్కుమంటే చలికాలానికి బాగుందనుకోండి. సెన్సరు మర మీద టెఫ్లాన్ టేపు నాలుగు చుట్లు గట్టిగా చుట్టారంటే మిగిలిన కాస్త దారీ మూసుకుపోతుంది. హెడ్‌లైట్లు వేయగానే ముళ్ళన్నీ కలిసి ఊగాయా? మీటర్ బోర్డు ఎర్త్ కూడా పోయింది, పని సంపూర్ణం.

డీజిల్ మీటరుకూ ఇంజనుకూ చుట్టరికమే లేదు, దాని ఫ్లోటు ట్యాంకులో ఉంటుంది. అయినా పడుకుందంటే వైర్లు పీకేటప్పుడు ఎవరో దాన్నీ పీకేశారన్నమాట. స్పీడో కేబులు పుట్టేది గేరుబాక్సు దగ్గర, అదీ మార్చి ఉంటే కిలోమీటర్లు మీ ఇష్టం.

ఆంపియర్ మీటరు డైనమో రోజులది. ఛార్జింగు కరెంటంతా దానిగుండానే పోవాలి. రెట్టింపు కరెంటిచ్చే ఆల్టర్నేటరును ఆ సన్న వైర్లకే కలపండి. డాష్‌బోర్డు వెనక పొగ వస్తే ఛార్జింగు బాగా అవుతున్నట్టు.

ఆర్‌టీఓ అనుమతి సంగతా? 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఇంజను మార్పిడిని ఆర్‌సీలో ఎక్కించమంటుంది. ఎక్కించకండి, చెక్‌పోస్టు దగ్గర మాట్లాడుకోవడానికి ఏదో ఒకటి ఉండాలిగా.

ఇవన్నీ పాటించే ఓపిక లేనివాళ్ళకు ఒక్క మాట. కొత్త మీటరు కొనేముందు ఇగ్నిషన్ ఆన్‌లో ఉంచి టెంపరేచర్ సెన్సరు వైరు ఊడదీసి, దాని కొసను ఒక్క క్షణం ఛాసిస్‌కు, తర్వాత ఇంజనుకు తాకించండి. చాలా మీటర్లలో ముల్లు పైదాకా లేవాలి. రెండు చోట్లా లేస్తే మీటరు, వైరు, ఎర్త్ బాగున్నాయి, సెన్సరు చూసుకోండి. ఛాసిస్‌కు లేచి ఇంజనుకు లేవకపోతే మీకు కావలసింది మీటరు కాదు, ఎర్త్ పట్టీ.