బోనస్‌కు టంకం

దసరా ముందు చంద్రపూర్ దగ్గరి బొగ్గు గనుల ఊరు ఘుగ్గుస్‌లో జనం రెండు ప్రకటనల కోసం ఎదురుచూస్తారు. ఒకటి, కోల్ ఇండియా యాజమాన్యమూ కార్మిక సంఘాల నాయకులూ కూర్చుని తేల్చే బోనస్. రెండోది, ఆన్‌లైన్ దుకాణాల పండగ సేల్. 2023లో బోనస్ 85 వేలు, 2024లో 93,750, 2025లో లక్షా 3 వేలు. గేమింగ్ ల్యాప్‌టాప్ కంపెనీలు ఈ అంకెలు చూసుకునే ధరలు పెడుతున్నాయని నేననను. ఇంట్లో కుర్రాడు మనసు పడ్డ ల్యాప్‌టాప్ మాత్రం ఏ ఏడాది చూసినా బోనస్ కన్నా ఓ ఇరవై వేలు ఎక్కువే ఉంటుంది.

ఆ ఇరవై వేల కోసమే బొగ్గు సంస్థ డబ్ల్యూసీఎల్ క్వార్టర్లలో రాత్రి భోజనాల దగ్గర చర్చలు నడుస్తాయి. కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల నుంచి బొగ్గుబాయి పని వెతుక్కుంటూ వచ్చిన తాత సైకిల్ కొనుక్కున్నాడు. తండ్రి బండి కొన్నాడు. ఇంజినీరింగ్ చదివే మనవడికి ఆర్‌టీఎక్స్ గ్రాఫిక్స్ కార్డున్న ల్యాప్‌టాప్ కావాలి. “ప్రాజెక్టుకు బాపూ” అంటాడు. ఏం ప్రాజెక్టని బాపు అడగడు. అడిగితే అందులో కార్లు దొంగతనం చేసి పోలీసులతో కాల్పులు జరపాలని చెప్పాల్సి వస్తుంది.

అయితే ముప్పై ఏళ్లు వర్క్‌షాపులో చేతులకు గ్రీజు పూసుకున్న మనిషికి వేరే అనుమానం రాక మానదు.

“కార్డు పాతగైతే మార్చుకోవచ్చా?”

“మార్చరాదు బాపూ. మదర్‌బోర్డుకే టంకం పెట్టి ఉంటది.”

“అరవై టన్నుల డంపర్ ఇంజిన్‌ను క్రేన్‌తోని దించి, ఇంకోటి ఎక్కించి, మళ్లా షిఫ్టుకు పంపిస్తం గదరా! బొటనవేలంత చిప్పుకు ఏమొచ్చె?”

“డంపర్ ఇరవై మిల్లీమీటర్ల మందమే ఉండాలని ఎవ్వరూ అడగరు బాపూ.”

కొడుకు జవాబులో నిజముంది. పలచగా ఉండాలంటే సాకెట్లకూ కనెక్టర్లకూ చోటు దొరకదు. ఒక్కో మోడల్‌కు వేడి లాగే రాగి గొట్టాల అమరిక వేరు, కరెంటు లెక్క వేరు. కాబట్టి చిప్పునూ, దాని చుట్టూ ఉండే వీడియో మెమరీనీ బోర్డుకే అతికేస్తారు. కొడుకు చెప్పని సంగతి ఇంకోటుంది. కార్డు మార్చుకునే వీలుంటే మూడేళ్ల తర్వాత మీరు కార్డు మాత్రమే కొంటారు. మొత్తం ల్యాప్‌టాప్ మళ్లీ కొనరు. ఇది ఇంజినీరింగ్ సమస్య అని కంపెనీ చెబుతుంది. ఆ సమస్య తీరితే నష్టం ఎవరికో మాత్రం చెప్పదు.

తీర్చే ప్రయత్నాలు జరగలేదా అంటే జరిగాయి. 2004లోనే గ్రాఫిక్స్ చిప్పుల కంపెనీ ఎన్విడియా ఎంఎక్స్‌ఎం అనే పద్ధతి తెచ్చింది. గ్రాఫిక్స్‌ను చిన్న పలకగా చేసి, ఊడదీసి మార్చుకునేలా పెట్టడం. ఏలియన్‌వేర్, క్లీవో, ఎంఎస్‌ఐ లావుపాటి ల్యాప్‌టాప్‌లలో అది కొన్నేళ్లు నడిచింది. మార్చుకోవడానికి మాత్రం ఆ పలక బజారులో దొరకాలి, దొరికినా దాని స్క్రూ రంధ్రాలు మన హీట్‌సింక్‌తో కలవాలి, కలిసినా బయోస్ ఒప్పుకోవాలి. ఈ మూడూ ఒకే రోజు కుదరడం పెళ్లి ముహూర్తం కన్నా కష్టమయ్యేది.

2019లో డెల్ వాళ్లు ఏలియన్‌వేర్ ఏరియా-51ఎం అనే భారీ యంత్రాన్ని తీసుకొచ్చారు. ప్రాసెసర్ మార్చుకోవచ్చు, గ్రాఫిక్స్ మార్చుకోవచ్చు అని డప్పు కొట్టి అమ్మారు. గ్రాఫిక్స్ కోసం తమకు మాత్రమే సరిపోయే సొంత సైజు పలక ఒకటి తయారు చేశారు. మరుసటి ఏడాదే ‘సూపర్’ అనే కొత్త కార్డులొచ్చాయి. అవి కావాలంటే ఆర్2 అనే కొత్త ల్యాప్‌టాప్ కొనుక్కోవాల్సి వచ్చింది. అప్‌గ్రేడ్ పేరు చెప్పి మోసం చేశారని ఆరోపిస్తూ 2021లో కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టులో డెల్ మీద దావా పడింది. ఘుగ్గుస్‌లోనైతే కోర్టుదాకా పోనక్కర్లేదు. పాన్‌షాపు దగ్గర పంచాయితీలోనే తేలిపోయేది.

ఇప్పటికి మాట నిలబెట్టుకున్నవాళ్లు ఫ్రేమ్‌వర్క్ అనే చిన్న కంపెనీ ఒక్కటే కనిపిస్తోంది. వాళ్ల 16 అంగుళాల ల్యాప్‌టాప్‌కు వెనక గ్రాఫిక్స్ భాగం ఊడివస్తుంది. 2024లో రేడియాన్ ఆర్‌ఎక్స్ 7700ఎస్‌తో కొన్నవాళ్లకు 2025లో ఆర్‌టీఎక్స్ 5070 భాగం అమ్మారు. పాత ల్యాప్‌టాప్‌కే స్క్రూలు విప్పి బిగించుకోవచ్చు. నిజంగానే మెచ్చుకోవాలి. పాత భాగంలో వీడియో మెమరీ 8 జీబీ. కొత్త భాగంలో కూడా 8 జీబీయే. మెచ్చుకోలు అక్కడికి ఆపాలి.

ఇక పేర్ల సంగతి. ఇది మన మునిసిపల్ ఎన్నికల కన్నా రసవత్తరం. పూర్వం ఎన్విడియా ల్యాప్‌టాప్ కార్డు పేరు చివర ‘ఎం’ అని ఉండేది. 980ఎం అంటే ఇది డెస్క్‌టాప్ 980 కాదు, దాని తమ్ముడని అర్థమయ్యేది. 2016లో ఆ అక్షరాన్ని ఎత్తేశారు. అప్పటి చిప్పులు డెస్క్‌టాప్‌కు నిజంగానే దగ్గరగా ఉండేవి గనుక ఎవరూ పెద్దగా తప్పుపట్టలేదు. తరువాత దూరం పెరిగింది, అక్షరం తిరిగి రాలేదు. ఈనాడు డెస్క్‌టాప్ ఆర్‌టీఎక్స్ 5090 అంటే 32 జీబీ మెమరీ, 575 వాట్ల ఆకలి. ల్యాప్‌టాప్ 5090 అంటే 24 జీబీ, బూస్టుతో కలిపి గరిష్ఠం 175 వాట్లు. లోపలున్నది డెస్క్‌టాప్ 5080లో వాడే చిప్పు. ఇంటిపేరు ఒకటే, ఆస్తి వేరు. నాలుగు లక్షలు దాటించి కొన్న పెద్దమనిషి పెట్టె మీద అంకె చూసుకుని మురిసిపోతాడు.

నాలుగు లక్షలవాళ్ల గొడవ మనకెందుకు, లక్షవాళ్ల దగ్గరికొద్దాం. ల్యాప్‌టాప్ ఆర్‌టీఎక్స్ 4060ను ఎన్విడియా 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎంతకైనా బిగించుకోమని తయారీదార్లకు వదిలేసింది. పేరు ఒకటే, స్టిక్కరు ఒకటే. ఒకడి ల్యాప్‌టాప్‌లో అది పరుగెడుతుంది, ఇంకొకడిదాంట్లో నడుస్తుంది. వాట్లు ఎన్నో చెప్పాలని 2021 నుంచి ఎన్విడియా కంపెనీలను అడుగుతోంది. చెబుతున్నారు కూడా, వెబ్‌సైట్‌లో కిందికి, ఇంకా కిందికి, వారంటీ షరతుల పొరుగున.

ఇంత చేసి తెచ్చిన యంత్రం వచ్చి పడేది ఎక్కడ? బొగ్గు గనులు, సిమెంటు ఫ్యాక్టరీ, స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీ చుట్టూ ఉన్న ఊళ్లో. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లోనే చంద్రపూర్‌ను తీవ్ర కలుషిత ప్రాంతాల జాబితాలో పై వరసలో పెట్టింది. మే నెలలో ఇక్కడ పాదరసం 47 డిగ్రీలు దాటిన రోజులున్నాయి. గేమింగ్ ల్యాప్‌టాప్ గాలి పీల్చేది అడుగు నుంచి. ఏడాది వాడాక అడుగు మూత విప్పి చూడండి. రెండు ఫ్యాన్ల రెక్కల మీద నల్లటి నుసి, రాగి గొట్టాల చివర సన్నటి రేకుల మధ్య అదే నుసి నూనె జిడ్డుతో గట్టిపడి, గోటితో గీకితే పొరలుగా ఊడివస్తుంది. గాలి పోయే దారి మూసుకుపోయాక చిప్పు వేడెక్కుతుంది. వేడెక్కితే తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది. అప్పుడు 115 వాట్లకు డబ్బు కట్టినవాడూ 60 వాట్లవాడూ సమానమే. ఇంతటి సామ్యవాదం మా కార్మిక సంఘాలు కూడా సాధించలేదు.

330 వాట్ల అడాప్టర్ ఇటుకంత ఉంటుంది. అది పూర్తిగా లాగితే మూడు గంటలకు ఒక యూనిట్. బొగ్గు కరెంటు యూనిట్‌కు మోటుగా 700 గ్రాముల బొగ్గు కాలుతుంది. బాపు పనిచేసే గనిలో పగలు తీసిన బొగ్గు చంద్రపూర్ థర్మల్ కేంద్రంలో కాలి, రాత్రికి కొడుకు ఆటలో పేలే గ్రెనేడ్ అవుతోంది. కుటుంబ పరిశ్రమ అంటే ఇదే.

ప్రభుత్వం చూస్తూ ఊరుకుందనుకోవద్దు. రిపేరు హక్కు కోసం 2022 డిసెంబరులో పోర్టల్ తెరిచింది. ఏ వస్తువు ఎంత సులువుగా బాగవుతుందో మార్కులేసే సూచీ కోసం కమిటీ వేసింది. 2025లో నివేదిక కూడా వచ్చింది. ముందుగా ఫోన్లు, ట్యాబ్లెట్లు. ల్యాప్‌టాప్ వంతు వచ్చేలోగా మన కార్డుకు పింఛను వయసొస్తుంది.

బయట డబ్బా పెట్టి అందులో పెద్ద కార్డు దూర్చి థండర్‌బోల్ట్ తీగతో కలుపుకోవచ్చు కదా అని తెలివైనవాళ్లంటారు. కలుపుకోవచ్చు. డబ్బాకు డబ్బు, కార్డుకు డబ్బు, తీగలో సగం దారిలో పోయే వేగానికి మీ ఓపిక. అంత ఖర్చుతో పక్కన ఓ డెస్క్‌టాపే నిలబడుతుంది.

కాబట్టి బోనస్ పడ్డాక దుకాణానికి వెళ్లే బాపులకు నా మనవి. కార్డు పేరు అడగకండి, అది వాళ్లే చెబుతారు. వాట్లెన్ని అని అడగండి. వీడియో మెమరీ ఎంతని అడగండి, ఎందుకంటే అది జీవితాంతం అంతే. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ తరువాత పెంచుకోవచ్చా అని అడగండి, అవి రెండూ చాలా మోడళ్లలో ఇంకా టంకం దాకా పోలేదు. ఏడాదికోసారి మూత విప్పి దుమ్ము దులిపితే వారంటీ పోతుందా అని కూడా అడిగి, జవాబు కాగితం మీద రాయించుకోండి. అబ్బాయి హాస్టల్‌కు మోసుకెళ్లే పని లేకపోతే మాత్రం డెస్క్‌టాపే కొనండి. అందులో కార్డు మార్చడానికి ఒక్క స్టార్ స్క్రూడ్రైవర్ చాలు.