ఎవరి తాలూకు అని అడగని క్యూ

"మీరెవరి తాలూకు?" అన్న ప్రశ్నతో మొదలవని పని తెలుగునాట అరుదు. పెళ్లి సంబంధమైనా, కాలేజీ సీటైనా, ఫలానా వారి మేనల్లుడని తేలాకే లోపల్నుంచి కాఫీ వస్తుంది. ఈ గాలి పీల్చి పెరిగిన హైదరాబాదు ఖగోళ పరిశోధకురాలు ఒకావిడ, జేమ్స్ వెబ్ టెలిస్కోపు మీద పరిశీలన సమయం కోసం దరఖాస్తు పెట్టాలని కూర్చుందనుకోండి. మొదట్లోనే ఒక నిబంధన ఆవిడ నోరు కట్టేస్తుంది: మీరెవరో చెప్పకూడదు.

దాని సంగతి తర్వాత. ముందు క్యూ చూడాలి.

టెలిస్కోపు ఉన్నది భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో. జనం బారులు తీరేది మాత్రం అమెరికాలోని బాల్టిమోర్‌లో, స్పేస్ టెలిస్కోప్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్ గుమ్మంలో. 2020లో, వెబ్ ఇంకా నేల మీద ఉండగానే, తొలి విడతకు 1,173 దరఖాస్తులు వచ్చాయి. 2024 అక్టోబరులో ముగిసిన నాలుగో విడతకు వచ్చినవి 2,377. అందరూ కలిసి అడిగిన సమయం సుమారు 78,000 గంటలు. ఏడాదికి ఉన్నవే 8,760 గంటలు. అంటే ఒక్క ఏడాదిలో దాదాపు తొమ్మిదేళ్ల చాకిరీ చేయమన్నారు. తిరుమల 300 రూపాయల దర్శనం టికెట్ల కోసం కంప్యూటర్ ముందు కాపు కాసినవాళ్లకు ఈ లెక్క విడమరచి చెప్పనక్కర్లేదు.

ఆ విడత గడువు బాల్టిమోర్‌లో రాత్రి 8 గంటలకు ముగిసింది. హైదరాబాదులో అప్పుడు మర్నాడు తెల్లవారుజామున అయిదున్నర. పక్కింట్లో సుప్రభాతం వినిపిస్తుంటే, మన పరిశోధకురాలు దరఖాస్తు సాఫ్ట్‌వేర్ చూపించే ఎర్ర ఇంటూ గుర్తులను ఒక్కొక్కటే చెరుపుతూ ఉంటుంది. ఒకటి పోతే రెండు వస్తాయి. ఎన్నుకున్న గెలాక్సీ ఏ నెలల్లో కనబడుతుందో కూడా చూసుకోవాలి. వెబ్ ఎండ తగలకుండా గొడుగు పట్టుకుని తిరిగే మనిషి లాంటిది. గొడుగు వంచకూడదు గనక ఏ రోజైనా ఆకాశంలో అయిదింట రెండు వంతులకు మించి చూడలేదు.

పైగా మీటరు. టెలిస్కోపు మరో దిక్కు నుంచి ఈవిడ నక్షత్రం వైపు తిరగడానికి పట్టే సమయం కింద అరగంట ఈవిడ ఖాతాలోనే రాస్తారు. స్టాండు నుంచి మీ ఇంటికి వచ్చిన దూరానికీ ఆటోవాడు డబ్బులు పుచ్చుకున్నట్టే. ఆటోవాడితోనైతే బేరం ఆడొచ్చు.

ఇక అసలు నిబంధన. దరఖాస్తులో పేరుండదు, ఊరుండదు, విశ్వవిద్యాలయం ఉండదు. "మేము ఇదివరకే నిరూపించినట్టు" అని రాయకూడదు, "12వ పరిశోధనలో నిరూపించినట్టు" అని రాయాలి. ఆ 12వది తన సొంత వ్యాసమే అయినా, ముక్కూమొహం తెలియనివారి గురించి చెప్పినట్టు చెప్పాలి. ఇంకా అచ్చు కాని సొంత ఫలితాలుంటే, "వ్యక్తిగత సంభాషణ ద్వారా తెలిసింది" అనవచ్చు. ఎవరితో సంభాషణ? తనతోనే. తెలుగింటి ఆడపడుచులు మొగుడి పేరు చెప్పకుండా "ఆయన" అంటూ కథంతా నడిపించేవారు. ఆ విద్య ఇంతకాలానికి అంతరిక్ష శాస్త్రంలో అక్కరకొచ్చింది.

దరఖాస్తులకు ర్యాంకులిచ్చే కమిటీ గదిలో కాపలా కూడా ఉంటుంది. చర్చ "ఇది ఫలానా ప్రొఫెసరు గారి ధోరణిలా ఉందే" అన్న దారి పడితే, ఆపడానికే ఒకరిని కూర్చోబెడతారు. ర్యాంకులు ఖాయమయ్యాకే పేర్లున్న కవరు విప్పుతారు.

ఈ తంతు ఉబుసుపోక పెట్టింది కాదు. ఇదే ఇన్‌స్టిట్యూట్ చూసుకునే హబుల్ టెలిస్కోపు దరఖాస్తులను వెనక్కి తిరిగి చూస్తే, పదకొండు విడతల్లో ప్రతిసారీ మహిళల నాయకత్వంలోని వాటికి మగవాళ్ల వాటికన్నా తక్కువ శాతం ఆమోదం దక్కింది. 2018లో పేర్లు దాచారు. ఆ విడతలో మహిళల దరఖాస్తులు 8.7 శాతం, మగవాళ్లవి 8 శాతం నెగ్గాయి. "ఎవరి తాలూకు" అన్న ప్రశ్న మన ఒక్కరి సొత్తే కాదని బాల్టిమోర్ వాళ్లే లెక్క కట్టి ఒప్పుకున్నారన్నమాట.

సమయం దొరికిందనుకుందాం. డబ్బు? బడ్జెట్ కాగితాలు ఆ తర్వాతి ఘట్టం. దరఖాస్తు ఏ దేశంవారైనా పెట్టుకోవచ్చు గానీ, నాసా నిధులు అమెరికాలోని సంస్థల్లో పనిచేసేవారికే. హైదరాబాదు ఆవిడకు శుభలేఖ అందింది, విస్తరి మాత్రం లేదు. విద్యార్థి జీతానికీ, కంప్యూటర్లకూ ఇక్కడే మరో ఫారం నింపాలి. అందులో మాత్రం పేరు, చదువు, ఊరు అన్నీ వివరంగా రాయమంటారు.

ఇంత పకడ్బందీ క్యూ ఉందా, హబుల్ తీసిన అతి ప్రసిద్ధ చిత్రాల్లో ఒకటి ఈ క్యూలో నిలబడనే లేదు. డైరెక్టరు గారి కోటాలో వచ్చింది. అక్కడా కోటా ఉంది మరి! 1995లో సంస్థ డైరెక్టర్ రాబర్ట్ విలియమ్స్ తన విచక్షణ కింద ఉన్న సమయాన్ని సప్తర్షి మండలం దగ్గర ఏమీ లేనట్టు కనిపించే ఒక చిన్న ముక్క మీద ఖర్చు పెట్టాడు. వృథా అని పెద్ద శాస్త్రవేత్తలే వారించారు. డిసెంబరు 18 నుంచి పది రోజులు, 342 ఫొటోలు. ఆ ఖాళీ జాగాలో దాదాపు 3,000 గెలాక్సీలు బయటపడ్డాయి.

కోటా అనగానే మేనల్లుడి కోసం వెతికే అలవాటు మనది. విలియమ్స్ ఆ సమాచారాన్ని తన దగ్గర అట్టేపెట్టుకోలేదు, కొద్ది వారాల్లోనే అందరి ముందూ పెట్టేశాడు. వెబ్ సమాచారం కూడా మామూలుగా ఏడాది దాటితే భాండాగారంలో అందరికీ ఉచితంగా దొరుకుతుంది. దరఖాస్తు తిరిగొచ్చిన వాళ్లతో పాటు మీరూ ఇంట్లో కూర్చుని దించుకోవచ్చు. ఎవరి తాలూకు అని అక్కడా అడగరు.