ఆపిన పేజీ మీద తేదీ వెయ్యండి

పుస్తకం ఎలా చదవాలో చిన్నప్పటి నుంచీ అందరూ చెబుతూనే వచ్చారు. మొదలుపెట్టింది పూర్తి చెయ్యాలి. ముందుగా పీఠిక చదవాలి. చివరి పేజీ తిప్పి చూడకూడదు. గీతలు గియ్యకూడదు. మొత్తం చదవకుండా నోరెత్తకూడదు. ఈ నియమాలన్నీ బుద్ధిగా పాటించిన వాళ్లని నేను చాలామందిని చూశాను. పుస్తకం ఎలా ఉందని అడిగితే ‘బాగుందండీ’ అంటారు, అక్కడితో మాట అయిపోతుంది. పుస్తకం అట్ట నలగకుండా ఉంటుంది, మనిషికి దాని మీద సొంత అభిప్రాయం మాత్రం ఉండదు. అందుకే ఈ ఆరు సలహాలు రాస్తున్నాను. నలభై ఏళ్లుగా నేను చేస్తూ వచ్చినవే.

1. పీఠికలు దాటెయ్యండి

ముందుమాట, తొలిపలుకు, అభినందన, ఆశీస్సు, నా మాట. తెలుగు పుస్తకానికి ఇన్ని గుమ్మాలు. ఒక్కో గుమ్మం దగ్గర ఒక్కో పెద్దమనిషి నిలబడి, లోపల ఏది చూసి ఆనందించాలో చెప్పి పంపుతాడు. అవన్నీ విని లోపలికి వెళ్లాక మన కళ్లతో మనం చూడటం కష్టం.

శ్రీశ్రీ మహాప్రస్థానానికి చలం రాసిన యోగ్యతాపత్రం చాలా గొప్ప పీఠిక. నేను చేసిన తప్పల్లా దాన్ని ముందు చదవడమే. ఆ తర్వాత ఏ గేయం చదివినా చలం ఆవేశమే నా గొంతులో పలికేది. శ్రీశ్రీని నా అంతట నేను వినడానికి కొన్నేళ్లు పట్టింది. పీఠికని ఆఖర్న చదవండి. అప్పుడది తోటి పాఠకుడి మాటలా వినిపిస్తుంది, దానితో మీరు వాదించనూ వచ్చు.

2. ముగింపు ముందే చదివెయ్యండి

రావణుడు చస్తాడని తెలియకనా జనం హరికథకి వెళ్లేది? పద్యనాటకాల రోజుల్లో కథంతా కంఠతా వచ్చినవాళ్లే తెల్లవార్లూ కూర్చుని, నచ్చిన పద్యానికి ‘వన్స్ మోర్’ కొట్టారు. ఏం జరుగుతుందన్నది మనకి ఎప్పుడూ పెద్ద విషయం కాదు. ఎలా చెబుతాడన్నదే రుచి.

ముగింపు తెలిసిపోయాక కూడా చదవాలనిపించిందా, ఆ పుస్తకం మీకు నచ్చినట్టే. చదవబుద్ధి కాలేదంటే ఇంతసేపూ మిమ్మల్ని నడిపించింది ఆత్రమేనని తెలుస్తుంది. ఈ సంగతి మొదటి రోజే తెలుసుకోవడం మంచిది.

3. సగంలో ఆపండి, తేదీ వెయ్యండి

వేయిపడగలు నవలని విశ్వనాథ సత్యనారాయణ చెబుతూ పోతుంటే తమ్ముడు రాశారని, నెల కూడా పట్టలేదని ప్రసిద్ధి. నేను దాన్ని ముప్ఫై ఏళ్లుగా చదువుతున్నాను. నా ప్రతిలో పెన్సిలుతో వేసిన తేదీలు మూడున్నాయి.

మొదటిది కాలేజీ రోజులది. ఆ భాష నాకు అందలేదు, ఆపేశాను. రెండోసారి కోపంతో ఆపాను. పాత ఊరి కట్టుబాట్లు చెదిరిపోతున్నాయని కథానాయకుడు ధర్మారావు అంత బాధపడుతుంటే, ఆ కట్టుబాట్ల కింద నలిగినవాళ్ల మాటేమిటని పేజీ పక్కన రాసి మూసేశాను. మూడోసారి చదివింది మా ఊళ్లో ఇల్లు అమ్మేసిన ఏడాది. నవలలో సుబ్బన్నపేట కళ్లముందే శిథిలమవుతుంటే ఆ దుఃఖం ఏమిటో అప్పుడు తెలిసింది. అయినా నా పాత ప్రశ్న పోలేదు. దాన్ని చెరపలేదు, దాని కిందే కొత్త తేదీ వేశాను.

ఒక్క ఊపులో పూర్తి చేసి ఉంటే ఈ మూడు అభిప్రాయాల్లో ఒక్కటే మిగిలేది. పుస్తకం ఇంకా పూర్తి కాలేదు. నాలుగో తేదీకి చోటుంది.

4. చదవడం పూర్తికాకుండానే మాట్లాడండి

సినిమా ఇంటర్వెల్లో బయటికొచ్చి, టీ తాగుతూ మాట్లాడుకోమా? పుస్తకానికి మాత్రం ఆఖరి పేజీ దాకా నోరు మూసుకోవాలని నియమం ఎవరు పెట్టారు? ఒక్కటే షరతు: ఎన్నో పేజీ దాకా చదివారో చెప్పి మాట్లాడండి.

1969లో వచ్చిన అంపశయ్య నవల గురించి నాకు మొదట చెప్పింది దాన్ని వదిలేసిన స్నేహితుడే. ‘ఎన్ని పేజీలు తిప్పినా వాడికి పొద్దు గడవదురా, నావల్ల కాదు’ అని నా మంచం మీద పడేశాడు. ఉస్మానియా హాస్టల్లో రవి అనే కుర్రాడి ఒక్క రోజు, ఆ రోజంతా వాడి మనసులో పరిగెత్తే ఆలోచనలు. నవలంతా అదే. పొద్దు గడవకపోవడమే ఆ నవల ప్రాణం. హాస్టల్ గదిలో, చేతిలో డబ్బుల్లేకుండా, నాకూ పొద్దు గడవని రోజులవి. నా స్నేహితుడు ఏ కారణానికి వదిలేశాడో సరిగ్గా ఆ కారణానికే నేను చదివాను. ‘బాగుంది, చదువు’ అని ఉంటే బహుశా ముట్టుకునేవాణ్ణి కాదు.

పెద్ద రచయిత కదా, నచ్చలేదంటే ఏమనుకుంటారో అని జంకకండి. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పెట్టిన నవలల పోటీలో బహుమతిని వేయిపడగలకీ అడివి బాపిరాజు నవల నారాయణరావుకీ చెరిసగం పంచారు. అంత పెద్ద పోటీలోనే మొదటి స్థానం ఒక్క పుస్తకానికే దక్కలేదు. మన వీధి అరుగు మీద ఇద్దరు రెండు మాటలు మాట్లాడుకుంటే తప్పేముంది?

5. పుస్తకాన్ని పాడుచెయ్యండి

అద్దెకి నవలలిచ్చే షాపులు వీధికొకటి ఉన్న రోజులు గుర్తున్నాయా? రోజుకింతని అద్దె కట్టి తెచ్చుకున్న ఆ నవలల అంచుల నిండా రాతలుండేవి. ‘హీరో వేస్ట్’ అని ఒకరు రాస్తే, దాని కింద ‘నువ్వే వేస్ట్’ అని ఇంకొకరు. ఏడ్చిన చోట ‘ఏడ్చాను’ అని రాసినవాళ్లూ ఉన్నారు. ముక్కూ మొహం తెలియని ఆ పాఠకుల నుంచి నేను నేర్చుకున్నది ఏ విమర్శ వ్యాసంలోనూ దొరకలేదు.

మా అమ్మ వారపత్రికల్లో సీరియళ్లు చింపి, సూదీ దారంతో కుట్టి, క్యాలెండర్ కాగితం అట్ట వేసి దాచేది. ఒక బైండులో ఒక వారం లేదు. ఆ వారం పుస్తకం మా ఊరికి రాలేదు. ఆ చోట రూళ్ల కాగితం పెట్టి, పక్కింటి పిన్నిగారు ఎక్కడో చదివొచ్చి చెప్పిన కథని తన గుండ్రటి అక్షరాల్లో ఒక పేజీ రాసుకుంది. దాని చివర ‘ఈ పిల్లకి బుద్ధి లేదు’ అని తన మాట కూడా చేర్చింది. ఇంకో సీరియల్ సగంతో ఆగిపోయి ఉంటే ఎందుకని అడిగాను. ‘ఆ పిల్లని ఊరికే ఏడిపిస్తున్నాడురా, ఇంక చాలనిపించింది’ అంది. రచయితకి ఎక్కడ చెయ్యి జారిందో ఐదో క్లాసు చదివిన మనిషి ఒక్క ముక్కలో తేల్చేసింది. కాబట్టి మీ పుస్తకాల మీద మీరూ రాయండి, మడవండి, చింపి కుట్టుకోండి.

6. బాగా నచ్చినదాన్ని ఇచ్చెయ్యండి, తిరిగి అడక్కండి

పుస్తకం పరుల చేతికి వెళితే పోయినట్టేనని పెద్దలు హెచ్చరించారు. పోనివ్వండి. నచ్చనివి అల్మారాలో ఉంచుకోండి, వాటితో మీ తగువు ఇంకా తేలలేదు. నచ్చినవి చేతులు మారాలి.

బుచ్చిబాబు నవల ‘చివరకు మిగిలేది’ని నేను నాలుగుసార్లు కొన్నాను, నాలుగుసార్లు ఇచ్చేశాను. మూడు రాలేదు. నాలుగోది ఆఫీసులో తోటి ఉద్యోగి తీసుకుని, ఏడాది తర్వాత తనంతట తనే తెచ్చిచ్చింది. ‘పూర్తి చెయ్యలేదండీ, ఏమీ అనుకోకండి’ అంది. ఇంటికొచ్చి తెరిచాను. తల్లి జ్ఞాపకం, ఆ తల్లి మీద లోకం వేసిన నింద కథానాయకుడు దయానిధిని వదలవు. ఆ ప్రస్తావన ఉన్న ఒక పేజీ అంచున సన్నగా ఒక తేదీ, దాని కింద ‘ఇక్కడ ఆపాను’ అని ఉంది. ఆ తేదీ నాకు తెలుసు. వాళ్లమ్మగారు పోయిన వారం అది.

ఆ పుస్తకాన్ని నేనిప్పటికి ఎన్నోసార్లు చదివాను. ఆ పేజీ దగ్గరికొచ్చేసరికి ఇప్పుడు నేనూ కాసేపు ఆగుతున్నాను.