కార్డుల సారు

అమరచింతలో బస్సు దిగి కార్డుల సారు ఇల్లెక్కడని అడిగితే చిన్నపిల్లలైనా చూపిస్తారు. చూపించి ఊరుకోరు, "తొందర పనుంటే పోకండి సార్" అని ఒక హెచ్చరిక కూడా చేస్తారు. ఆయన అసలు పేరు నేను రాయను. రాస్తే ఆయన నొచ్చుకుంటాడు. అదీగాక ఇలాంటివాడు గద్వాలలో ఒకడు, వనపర్తిలో ఒకడు, నాగర్‌కర్నూల్లో ఒకడు ఉండనే ఉంటాడు. ఒక్కడి పేరే రాశానని మిగతా ముగ్గురూ నొచ్చుకుంటారు.

సారు సర్కారు బడిలో సోషల్ చెప్తాడు. మొగల్ చక్రవర్తుల వరస ఒక్కోసారి తప్పుతుందేమో గానీ ఇండియా కెప్టెన్ల వరస తప్పదు. హోటల్లో చాయ్ తాగుతూ ఎవరైనా "వచ్చే నెల రిటైరవుతున్న సారూ, ముప్ఫై ఏండ్ల సర్వీసు" అన్నారనుకోండి. మనమైతే శుభం అంటాం. సారు మాత్రం చాయ్ గ్లాసు కింద పెట్టి, "కపిల్‌దేవ్‌ది పదహారేండ్లే. 131 టెస్టులు, 434 వికెట్లు, 5248 పరుగులు" అంటాడు. ఆ పెద్దమనిషి ఇన్నేళ్ళూ తానేం చేశానా అని ఇంటికి పోయేదాకా ఆలోచిస్తూనే ఉంటాడు.

ఈ జబ్బు 1987లో అంటింది. మన దేశంలో రిలయన్స్ వరల్డ్ కప్ జరిగిన ఏడు. కిరాణా దుకాణాల్లో బిగ్‌ఫన్ అనే బబుల్‌గమ్ అమ్మేవాళ్ళు. గమ్ముతో పాటు ఒక ఆటగాడి బొమ్మ, దాని మీద ఇన్ని పరుగులనో ఇన్ని వికెట్లనో లెక్క. వాటిని కూడబెట్టి తిరిగిస్తే పేజీలు జరజరా తిప్పగానే ఆటగాడు కదిలే చిన్న పుస్తకమొకటి ఇచ్చేవాళ్ళు. తోటిపిల్లలంతా బొమ్మలిచ్చి పుస్తకాలు తెచ్చుకున్నారు. మనవాడు ఇవ్వలేదు. "ఆవునమ్మి పేడ కొంటార్రా ఎవడన్నా?" అని అప్పుడే అన్నాడట. ఆ వయసులో అంత మాట అన్నాడంటే నాకు నమ్మకం లేదు గానీ, ఆ గమ్ము నమిలి నమిలి రెండు దవడ పళ్ళు పోయిన మాట నిజం. ఇప్పటికీ నవ్వితే కుడివైపు ఖాళీ కనిపిస్తుంది.

తర్వాత ట్రంప్ కార్డులొచ్చాయి. నలభై దాటిన పాఠకులకు చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం చెప్తాను. ఒక్కో కార్డు మీద ఆటగాడి ఫొటో, కింద మ్యాచ్‌లు, పరుగులు, సగటు, వికెట్లు, క్యాచ్‌లు. ఎవడి చేతిలో పై కార్డు ఎవడికీ చూపించకుండా ఒకడు "వికెట్లు!" అని అరవాలి. ఎవడి అంకె పెద్దదైతే వాడు అందరి కార్డులూ గుంజుకోవాలి. సారు అంకగణితమంతా ఇక్కడే నేర్చాడు. చంద్రశేఖర్ చేతికొస్తే "పరుగులు" అనకూడదు. 58 టెస్టుల్లో ఆ మహానుభావుడు చేసినవి 167 పరుగులు, తీసినవి 242 వికెట్లు. పరుగుల కంటే వికెట్లే ఎక్కువ ఉన్న ఆ కార్డును సారు ఇప్పటికీ కళ్ళకద్దుకుంటాడు.

కార్డులు చూపించడం ఒక తతంగం. ముందు చేతులు సబ్బుతో కడుక్కుని తువ్వాలుతో తుడుచుకుంటాడు. మనచేత కూడా కడిగిస్తాడు. ఫ్యాన్ ఆపేస్తాడు, ఎండాకాలమైనా సరే. బీరువా మీదనుంచి పట్టుచీరల అట్టపెట్టె దించుతాడు. మూత తీయగానే కలరా ఉండల వాసన గుప్పుమంటుంది. చీర మడతల మధ్య పెట్టే పల్చటి కాగితం విప్పితే అందులో వెంకటపతి రాజు. ఒక మూల ఎలుక కొరికింది. నడుముకు అడ్డంగా రబ్బరు బ్యాండు మచ్చ. పై పెదవి మీద ఎవడో నీలం పెన్నుతో మీసం దిద్దాడు. ఎవడో కాదు, సారు తమ్ముడే. ఆ నేరానికి ఈనాటికీ క్షమాపణ దొరకలేదు. "1990 చండీగఢ్ టెస్టు, శ్రీలంక మీద, 12 పరుగులకు 6 వికెట్లు" అంటూ సారు ఆ మీసం మీద బొటనవేలు ఉంచి మనకు చూపిస్తాడు.

సారు లోకంలో గొప్పవాళ్ళు వేరు. సచిన్, గవాస్కర్ అందరి దగ్గరా ఉంటారు గనుక వాళ్ళంటే అంత లెక్క లేదు. నరేంద్ర హిర్వానీ అనండి, కుర్చీ ముందుకు జరుపుకుంటాడు. 1988లో మద్రాసులో మొదటి టెస్టులోనే వెస్టిండీస్ మీద 16 వికెట్లు. ఆ తర్వాత మొత్తం బతుకంతా కలిపి 50. వినోద్ కాంబ్లీ సగటు 54.20, ఆడింది 17 టెస్టులే. వీళ్ళ కథ చెప్పేటప్పుడు సారు గొంతు బొంగురుపోతుంది. పదో తరగతి తప్పిన సొంత కొడుకు గురించి చెప్పేటప్పుడు మాత్రం "ఫామ్‌లో లేడు" అని రెండు ముక్కల్లో తేల్చేస్తాడు.

అజహరుద్దీన్ సంగతి వేరు. 1984-85లో మొదటి మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు. 2000లో బోర్డు జీవితకాల నిషేధం వేసిన రోజు సారు ఆ కార్డును పెట్టెలో బోర్లా తిప్పాడు. 2012లో ఆ నిషేధం చెల్లదని హైకోర్టు చెప్పిన రోజు మళ్ళీ వెల్లకిలా తిప్పాడు. మధ్యలో అజహర్ మురాదాబాద్ నుంచి ఎంపీ అయ్యాడు గానీ ఎన్నికల ఫలితాలకు సారు కార్డులు తిప్పడు. కోర్టు తీర్పుండాలి. మొత్తం 99 టెస్టుల దగ్గర ఆగిపోయాడన్న దిగులు మాత్రం ఏ కోర్టూ తీర్చలేకపోయింది.

కార్డు లేని ఆటగాళ్ళకు సారే కార్డులు వేస్తాడు. ఫొటో సంపాదించి, ఆత్మకూరులో జిరాక్స్ తీయించి, అట్టకు అంటించి, లామినేషన్ చేయిస్తాడు. అలా పుట్టినవాళ్ళలో విజయనగరం మహారాజకుమార్ ఒకరు. 1936 ఇంగ్లండ్ యాత్రకు కెప్టెన్. మూడు టెస్టుల్లో 33 పరుగులు. ఆ యాత్రలోనే బ్రిటిష్‌వాళ్ళు సర్ బిరుదిచ్చారు. "33 పరుగులకే సర్ అన్నరు. నన్ను సారు అననీకి బీఎడ్ చెయ్యమన్నరు" అంటాడు సారు.

అదే జట్టులో కోటా రామస్వామి ఉన్నాడు. మద్రాసు తెలుగువాడు. 1922లో డేవిస్ కప్‌లో టెన్నిస్ ఆడాడు, నలభై ఏళ్ళ వయసులో మొదటి టెస్టు క్రికెట్ ఆడాడు. రెండే టెస్టులు, సగటు 56.66. ట్రంప్ ఆటలో "సగటు!" అని ఈ కార్డు దించితే గవాస్కర్ 51.12తో, సచిన్ 53.78తో తలొంచుకుని పోవాల్సిందే. 1985లో ఎనభై తొమ్మిదేళ్ళ వయసులో ఇంట్లోంచి బయటికెళ్ళి మళ్ళీ తిరిగి రాలేదు. సారు వేసిన కార్డులో పుట్టిన తేదీ ఉంది, పోయిన తేదీ దగ్గర ఖాళీ. ఎవరెంత చెప్పినా అక్కడ గీత కూడా గీయడు.

ఇక అమెరికా. అమరచింతలో బేస్‌బాల్ ఆడినవాడు లేడు, సారు కూడా చూడలేదు. ఆ ఆటలో వికెట్లుండవని తెలిసి కొంచెం నిరాశపడ్డాడు కూడా. అయినా హోనస్ వాగ్నర్ ఎనిమిదిసార్లు బ్యాటింగ్ కిరీటం గెలిచాడని చెప్తాడు. 1909 నుంచి 1911 దాకా సిగరెట్ పెట్టెల్లో వచ్చిన కార్డుల్లో వాగ్నర్‌ది చాలా అరుదు. 2022లో ఒకటి 72 లక్షల డాలర్ల పైచిలుకుకు పోయింది. అదే ఏడు మికీ మాంటిల్ అనే ఆటగాడి 1952 నాటి కార్డు వేలంలో కోటీ 26 లక్షల డాలర్లు పలికింది. మన లెక్కలో దగ్గర దగ్గర వంద కోట్లు. ఈ అంకె విన్న రోజునుంచి సారు రాత్రిళ్ళు బీరువా తాళం రెండుసార్లు చూసుకుంటున్నాడు.

ఇంట్లో ముందుగదిలో మగ్గం ఉంది. తమ్ముడు నేస్తాడు, సారు భార్య కండెలు చుడుతుంది. మగ్గం పైన జకార్డు అట్టలు దండలా వేలాడుతుంటాయి. చిల్లులున్న ఆ అట్టలు ఒక్కొక్కటే తిరుగుతుంటే అంచులో నెమలి దిగుతుంది. "గా అట్టలతోని చీర దిగుతది. నీ అట్టలతోని ఏం దిగుతదయ్యా?" అని ఆమె పెళ్ళైన కొత్తలో అడిగింది. సారు జవాబు ఇంకా వెతుకుతున్నాడు.

ఒక ఆదివారం జవాబు దొరికిందనుకున్నాడు. మాంటిల్ కార్డుకు అంత ధర ఎందుకొచ్చిందో భార్యను కూర్చోబెట్టి చెప్పాడు. టాప్స్ కంపెనీ వేసిన ఆ కార్డులు అప్పట్లో అమ్ముడుపోలేదు. 1960లో పెట్టెలకు పెట్టెలు పడవకెక్కించి అట్లాంటిక్ సముద్రంలో పారబోశారు. అందుకే మిగిలినవి బంగారమయ్యాయి. ఆమె కండె చుట్టడం ఆపకుండా అంతా విన్నది.

"అట్లనా? మరి నీయి సగం తీస్కపోయి జూరాలల పారెయ్యరాదు? మిగిలినయాటికి రేటొస్తది గదా."

జూరాల డ్యామ్ మరీ దూరం కూడా కాదు. సారు ఆ పూట అన్నం తినలేదు.

కార్తీకంలో కురుమూర్తి జాతర. స్వామికి పట్టుబట్టలు అమరచింత మగ్గాల మీదనుంచే పోతాయి. ఊరంతా భక్తితో వెంట నడుస్తుంది, సారు కూడా నడుస్తాడు. అందరూ గుట్టవైపు చూస్తుంటే సారు కళ్ళు మాత్రం బొమ్మల దుకాణాల మీదే. పాత సరుకులో ట్రంప్ కార్డుల డబ్బా ఏదైనా మిగిలిందేమోనని. ఒకసారి దొరికింది కూడా. విప్పితే అన్నీ కుస్తీ వీరులే.

ఇప్పుడు ఆ టాప్స్ కంపెనీ ఐపీఎల్ ఆటగాళ్ళ కార్డులు మన కిరాణా కొట్లలోకీ వచ్చాయి. బడి వదలగానే సారు గేటు దగ్గర ఐదో తరగతి పిల్లగాడితో బేరానికి నిలబడతాడు. "ఎం.ఎల్. జయసింహరా! 1960లో కలకత్తా టెస్టులో ఐదు రోజులూ బ్యాటింగ్ చేసిండు!" అంటాడు. వాడు అటూ ఇటూ తిప్పి చూసి, "మెరుస్తలేదు సార్. నాకొద్దు. సిరాజ్‌ను ఇస్తవా?" అంటాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళ అనుభవం ఉన్నా ఆ బేరాల్లో గెలిచేది ఎప్పుడూ పిల్లగాడే.

అయ్యా, చదివేవారికి ఒక మనవి. మీ అటకమీద పాత బిగ్‌ఫన్ బొమ్మలు గానీ ట్రంప్ కార్డులు గానీ ఉంటే నీళ్ళ పొయ్యిలో వేయకండి. మీసం దిద్దని వెంకటపతి రాజు దొరికితే అమరచింత కార్డుల సారుకు ఒక మాట చెప్పి పంపండి. బదులుగా శ్రీకాంత్‌ను ఇస్తాడు. ఆయన దగ్గర పదకొండుగురున్నారు.