లోపం కూడా మెటీరియల్‌లోనే

వరంగల్ నిట్‌లో బీటెక్ సీటు కావాలంటే నోరు తెరవక్కర్లేదు. జేఈఈ మెయిన్ ర్యాంకుంటే ఆన్‌లైన్ కౌన్సెలింగే చూసుకుంటుంది. కాకతీయ మెడికల్ కాలేజీకి నీట్. మిగతా ఇంజనీరింగ్ కాలేజీలకు ఎప్‌సెట్. 2024లో ఎంసెట్‌కు పేరు మారింది గానీ, మౌస్ నొక్కే వేలికి పని మారలేదు.

ఇంత ప్రశాంతమైన ఊళ్లోకి ఎంబీఏ వచ్చిపడింది. 1959లో నెహ్రూ పునాదిరాయి వేసిన ఆ నిట్‌లోనే ఎంబీఏ చదవాలంటే స్కోరొక్కటే చాలదట. గ్రూప్ డిస్కషన్‌లో మాట్లాడాలి, ఇంటర్వ్యూలో మళ్లీ మాట్లాడాలి. ఆరో తరగతిలోనే ఐఐటీ ఫౌండేషన్‌లో చేరి, స్టడీ అవర్లలో మాట్లాడినందుకు బెంచీ ఎక్కినవాణ్ని పట్టుకుని ‘నీ గురించి చెప్పు’ అంటే ఏం న్యాయం?

నయీంనగర్‌లో మా పక్కింటి పిల్లాడు దానికీ కోచింగ్ తీసుకున్నాడు. నీ గురించి చెప్పు బిడ్డా అన్నాను. గుక్క తిప్పుకోకుండా ఒప్పజెప్పాడు. మధ్యలో ఆపి మీ నాన్న ఏం చేస్తారని అడిగితే, పాపం, మళ్లీ మొదట్నుంచి అందుకున్నాడు. నీలో లోపమేంటంటే, ప్రతి పనీ పర్ఫెక్ట్‌గా ఉండాలనుకోవడమట. బ్యాచ్ మొత్తానికీ అదే లోపం. ఫీజులో కలిపే ఇచ్చారు.

లోకల్ ప్రశ్నలూ వస్తాయని భయపెట్టారట. వెయ్యిస్తంభాల గుడి? రుద్రదేవుడు, 1163. రామప్పకు యునెస్కో గుర్తింపు? 2021. ఎప్పుడైనా లోపలికెళ్లి చూశావా?

“అది మెటీరియల్ల లేదంకుల్.”

అసలు ఇంటర్వ్యూ అంటే ఏమిటో ఈ ఊళ్లో తండ్రులకే తెలుసు. పదో తరగతి పరీక్షలు అయీకాకముందే కార్పొరేట్ కాలేజీ పీఆర్వో ఇంటికొచ్చి కూర్చుంటాడు. భూమెంత, నౌకరీ ఎక్కడ, పెద్దమ్మాయి ఏ కాలేజీ, ఫీజు ఎన్ని విడతల్లో కడతారు... ఒక్క ప్రశ్న వృథా పోనివ్వడు. ఏ ప్యానెల్‌కైనా అతనితో వారం రోజులు శిక్షణ ఇప్పించవచ్చు. పిల్లాణ్ని అడిగేది మాత్రం ఒకటే: ఎంపీసీయా, బైపీసీయా? దానికీ తండ్రే జవాబు చెప్తాడు.

మావాడి భయమంతా ఇప్పుడు ఆఖరి ప్రశ్న మీద ఉంది. వెళ్లేముందు ‘మమ్మల్ని ఏమైనా అడుగుతావా?’ అంటారట. కోచింగ్‌లో దానికి మూడు శాంపిల్ ప్రశ్నలిచ్చారు గానీ, తనకన్నా ముందు వెళ్లినవాళ్లు ఆ మూడూ అడిగేస్తే ఎట్లా? వాళ్ల నాన్న పేపరు మడిచి పక్కన పెట్టాడు.

“గంత పరేషానేందిరా? ఫీజుల కన్సెషన్ ఎంత ఇస్తరో అడుగు. హాస్టల్ అండ్లనేనా, అలగ్గానా అది సుత అడుగు. ఇయ్యమంటే లేచి నిలబడు, వాళ్లే పిలుస్తరు.”