కరువు కంప్యూటర్లకు కేంద్ర బృందం ఎప్పుడొస్తుంది?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సేవలు ఆపేసినట్టు మైక్రోసాఫ్ట్ వారు సెలవిచ్చారు. అందులో ఒక ముక్క నాకు భలే నచ్చింది. మీ కంప్యూటర్ ఎప్పట్లాగే పనిచేస్తుందట. కాకపోతే ఇకమీదట భద్రతా అప్‌డేట్లు రావట. వైరస్ పడితే మీ ఖర్మ అని నోరు తెరిచి అనలేదు గానీ, అర్థం అదే. కొత్త కంప్యూటర్ కొనుక్కోండి, పాతది రీసైక్లింగ్‌కి ఇచ్చేయండి అని ఉచిత సలహా కూడా జతచేశారు. ఆ ప్రకటన మొత్తంలో అందరికీ ఉచితంగా దొరికింది ఆ సలహా ఒక్కటే.

ఈ తరహా నోటీసు అమెరికా వాళ్లకు కొత్తేమో గానీ అనంతపురం వాళ్లకు కాదు. నైరుతి రుతుపవనాలు ఏటా జూన్‌లో మాకు పంపే నోటీసు సరిగ్గా ఇదే. చేను నీ దగ్గరే ఉంటుంది, దున్నుకో, విత్తుకో, మేం మాత్రం రాము. వానలో జైసల్మేర్ తర్వాత మనమేనని సాంఘికశాస్త్రం అయ్యవారు ఏదో ర్యాంకు వచ్చినట్టు చెప్పిన జిల్లా ఇది. సపోర్టు లేకుండా బతకడంలో మాకున్న అనుభవం రెడ్‌మండ్‌లోని ఆ కంపెనీలో ఒక్కరికీ లేదు. కాబట్టి ఈ వ్యవహారం మాకు వదిలేయండి. దీనికి మందు మా కలెక్టరేట్ బీరువాలో ఎప్పటినుంచో ఉంది. విండోస్ 10 కంప్యూటర్లన్నింటినీ కరువు పీడిత కంప్యూటర్లుగా ప్రకటించడమే.

ప్రకటించడమంటే ఎండిందా పండిందా అని చూడటం కాదు. దానికో మాన్యువల్ ఉంటుంది. వర్షపాతం లోటెంత, వరసగా మూడు వారాలు వాన మొహం చాటేసిందా, సాగు ఎంత తగ్గింది, ఉపగ్రహానికి పచ్చదనం ఎంత కనబడింది అని లెక్కలుంటాయి. ఆ లెక్కల్లోంచి జాబితా బయటికొచ్చేసరికి రోడ్డుకు ఇవతలి మండలం కరువు, అవతలి మండలం సుభిక్షం అయి కూర్చుంటాయి. రెండు వైపుల చేలల్లోనూ ఎండిన వేరుశనగ కట్టెలే. మేఘం మండల సరిహద్దు చూసుకుని కురుస్తుందని నమ్మే శాఖ మన దగ్గర ఒకటుంది.

మైక్రోసాఫ్ట్ మాన్యువలూ ఆ అచ్చులో పోసిందే. ఇంటెల్ ఎనిమిదో తరం ప్రాసెసర్ ఉంటే విండోస్ 11కి అర్హులు, ఏడో తరం అయితే అనర్హులు. రెండూ ఒకే షాపులో ఒకే నెలలో అమ్ముడుపోయిన రోజులున్నాయి. ఒకే వీధిలో అన్న కొన్నది కరువు, తమ్ముడు కొన్నది సుభిక్షం. గీత అంటే గీతే, దాటేది లేదన్నారు. అంటూనే 2021లో ఏడో తరంలోంచి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని చిప్పులను గీత ఇవతలికి లాక్కున్నారు. అందులో ఒకటి మైక్రోసాఫ్ట్ వారే స్వయంగా అమ్మిన సర్ఫేస్ స్టూడియో 2లో ఉన్న చిప్పు. సర్వే గొలుసు ఎవరి పొలం దగ్గర వంకర తిరుగుతుందో మాకు తెలీనిదా!

ఇక టీపీఎం 2.0. ఇదొక భద్రతా చిప్పు. లేకపోతే అప్‌గ్రేడ్ లేదు, ఇందులో బేరాల్లేవు అని 2024 డిసెంబర్‌లోనే తేల్చేశారు. మన లెక్కలో చెప్పాలంటే పట్టాదారు పాసుపుస్తకం. భూమి ఉంది, ఎద్దులున్నాయి, రైతు ఎదురుగా నిలబడి ఉన్నాడు, పుస్తకం లేదు కనక రైతు కాడు. పైగా చాలా కంప్యూటర్లలో ఈ చిప్పు పనితనం లోపల ఉండనే ఉంది, బయోస్‌లో ఆపేసి ఉంటుంది అంతే. అంటే పుస్తకం అచ్చయింది, సంతకమూ అయింది, ఎమ్మార్వో ఆఫీసు బీరువాలో భద్రంగా ఉంది.

ఇంతకీ కరువు ప్రకటించాక నష్టం చూసేందుకు కేంద్ర బృందం వచ్చిందనుకుందాం. రెండు ఇన్నోవాలు, వెనక ఒక జీపు. కేంద్ర బృందాలు హైవేకి కనుచూపు మేర దాటి లోపలికి పోవు కాబట్టి సుభాష్ రోడ్డులో ఒక డీటీపీ, జిరాక్స్ అంగడి ముందు ఆగాయి. బయట ఫ్లెక్సీ మీద అప్పుడే ఫొటో ఎగ్జిబిషన్ పెట్టేశారు: ఆగిపోయిన కంప్యూటర్, తల పట్టుకున్న ఓనరు, నీలం తెర. లోపల టేబుల్ కింద సీపీయూ. దసరా ఆయుధపూజకు పెట్టిన మూడు కుంకుమ బొట్లు ఇంకా ఆరలేదు, పక్కన వాడిన బంతిపువ్వు. కీబోర్డు మీద అక్షరాలెప్పుడో అరిగిపోయాయి. అను తెలుగు ఫాంట్లతో పెళ్లి పత్రికలు కొట్టే వేళ్లకు అక్షరాలు చూడాల్సిన పనిలేదు. తెర మీద పేజ్‌మేకర్ తెరిచి ఉంది. దాన్ని తయారుచేసిన కంపెనీయే ఏనాడో వదిలేసింది. తెలుగునాట పెళ్లిళ్లు మాత్రం దాన్ని వదల్లేదు.

బృందం పెద్దాయన వంగి చూసి అడిగాడు. "ఇది ఎన్నో తరం?"

"మా నాయన పెట్టిన అంగడి సార్. నాది రెండో తరం."

"ప్రాసెసర్ సంగతి అడుగుతున్నా."

"అదా! నాలుగో తరం అన్యారు సార్. బెంగళూరు ఎస్పీ రోడ్డులో సెకండ్‌హ్యాండ్‌ది తెచ్చుకున్యా."

"టీపీఎం ఉందా?"

"టీనా సార్? చెప్తా ఉండండి. ఒరేయ్, ఐదు టీలు!"

పెద్దాయన ఫైల్లో ఏదో రాసుకున్నాడు. వినతిపత్రాలు ఇచ్చేవాళ్లు ముందుకు రావాలన్నాడు. వచ్చారు. మనవాళ్లు నలుగురు చేరితే ఐదు అభిప్రాయాలుంటాయి కాబట్టి ఎవరి పత్రం వారిదే.

మొదట జేఎన్‌టీయూ కుర్రాడు. "11కి మారాల్సిందే సార్. 2017లో వానాక్రై వైరస్ వచ్చినప్పుడు మన ఆంధ్రా పోలీసుల కంప్యూటర్లకే తాళం పడింది. పాత వాటిని పట్టుకుని వేలాడితే ఇట్లనే ఉంటాది." మాటలో తప్పు పట్టడానికేం లేదు. భద్రత ఉత్తుత్తి సాకు కాదు. కాకపోతే కుర్రాడి లాప్‌టాప్ పోయినేడు కొన్నది. బోరులో నీళ్లు పడ్డవాడు డ్రిప్ మీద ఎంతసేపైనా ఉపన్యాసమివ్వగలడు.

తర్వాత రిటైరైన ట్రెజరీ ఉద్యోగి. కొడుకు పుణ్యమా అని 11కి మారిపోయాడు. ఆయన గోడు వేరు. స్టార్ట్ బటన్ మూలనుంచి నడిమధ్యకు వచ్చింది, కుడి క్లిక్ చేస్తే సగం మెనూ దాక్కుంటోంది, టాస్క్‌బార్‌ను పక్కకు జరుపుకుందామంటే కుదరదంటోంది. "ముప్పై ఏండ్లు ఒకే కుర్చీలో కూచున్యా నాయనా. ఇంట్లో వస్తువు జరిపితే నా భార్యనే ఒప్పుకోను." ఈయన పత్రాన్ని బృందం ఫైల్లో పెట్టుకోలేదు. పంట నష్టం కింద రాదన్నారు.

మూడో ఆయన హైస్కూలు సైన్సు మాస్టారు. విండోసే వద్దు, లినక్స్ వేసుకోండి, ఉచితం, పాత మెషీన్ మీద గుర్రంలా పరిగెడుతుంది అంటాడు. ప్రత్యామ్నాయ పంట అన్నమాట. వేరుశనగ మానేసి కొర్రలు వేయండి అని వ్యవసాయాధికారులు మాకు చెబుతూనే ఉన్నారు. కొర్రలు ఒంటికి మంచివని ఒప్పుకోనివాడు జిల్లాలో లేడు. సంతలో కొనేవాడు ఎక్కడున్నాడన్నదే ప్రశ్న. "మాస్టారూ, అందులో అను ఫాంట్లు పడతాయా?" అని డీటీపీ అన్న అడిగాడు. మాస్టారు గొంతు సవరించుకుని, పడేలా చేయవచ్చు అన్నాడు. కొర్రలను కూడా అమ్మేలా చేయవచ్చు.

నాలుగోవాడు బృందం ముందుకు రాలేదు, జిరాక్స్ మెషీన్ వెనకనుంచే సైగ చేశాడు. రిజిస్ట్రీలో రెండు లైన్లు మారిస్తే అనర్హమైన మెషీన్‌లో కూడా 11 ఎక్కుతుందట, ఐదొందలిస్తే తనే చేసిపెడతాడట. వాల్టా చట్టం 2002లో వచ్చింది, అనుమతి లేకుండా బోరు వేయకూడదు. అయినా రాత్రిపూట రిగ్గులు తిరుగుతూనే ఉంటాయి. ఇదీ అంతే. నీళ్లు ఎన్నాళ్లుంటాయో రిగ్గు వాడూ చెప్పడు, కంపెనీ వాడూ హామీ ఇవ్వడు.

బృందం ఇవన్నీ విని, ఇన్‌పుట్ సబ్సిడీ పథకం వివరించింది. మూడు దారులున్నాయి. ఒకటి, 30 డాలర్లు కట్టు, 2026 అక్టోబర్ దాకా అప్‌డేట్లు వస్తాయి. మన డబ్బులో రెండున్నర వేల పైమాటే, ఉపాధి హామీ కూలీకి తొమ్మిది రోజుల చెమట. రెండు, మైక్రోసాఫ్ట్ ఖాతా తెరిచి నీ సెట్టింగులు మా దగ్గర దాచుకో, డబ్బులొద్దు. మూడోది నాకు మహా ఇష్టం: వెయ్యి రివార్డు పాయింట్లు తే. ఆ పాయింట్లెట్లా వస్తాయంటే, గూగుల్ మానేసి కూర్చుని బింగ్‌లో వెతకాలి. అంటే పనికి ఆహార పథకం. గుంత తవ్వు, పూడ్చు, మస్టర్ రోల్లో వేలిముద్ర వెయ్యి. డీటీపీ అన్న ఏం వెతకాలని అడిగాడు. ఏదైనా వెతుక్కోవచ్చన్నారు. "అయితే వాన ఎప్పుడొస్తాదో వెతుకుతా."

ఇది ఇళ్లల్లో వాడుకునేవాళ్లకు. వ్యాపార సంస్థలకు రేటు వేరే: మెషీన్‌కు మొదటి ఏడు 61 డాలర్లు, రెండో ఏడు 122, మూడో ఏడు 244. ఏటేటా రెట్టింపు. మా పల్లెల్లో ఈ లెక్కన అప్పులిచ్చేవాళ్లను ఏమంటారో పత్రికలో రాయలేను.

యూరప్ సంగతి కూడా చెప్పుకోవాలి. అక్కడ వినియోగదారుల సంఘాలు గట్టిగా నిలదీశాయి. 2025 సెప్టెంబర్‌లో కంపెనీ దిగొచ్చింది. యూరోపియన్ ఎకనామిక్ ఏరియా దేశాల వాళ్లకు ఆ ఏడాది అప్‌డేట్లు ఉచితం. డాలర్లు వద్దు, పాయింట్లు వద్దు, సెట్టింగులు అప్పజెప్పక్కర్లేదు. (అరవై రోజులకోసారి ఖాతాలోకొచ్చి మొహం చూపించాలి. పింఛన్‌దారుల లైఫ్ సర్టిఫికెట్ లాంటిది. అదంతా ఓర్చుకోవచ్చు.) డెల్టాకి కాలువ నీళ్లు, మెట్టకి ట్యాంకరు. ట్యాంకరుకి డబ్బులు వేరే.

చివర్లో బృందం పెద్దాయన ఉత్సాహంగా ఇంకో కబురు చెప్పాడు. సేవలు ఆపిన రెండో రోజునే, అంటే 16న, కంపెనీ కొత్త ప్రకటన చేసింది: విండోస్ 11 కంప్యూటర్లన్నీ ఇక కృత్రిమ మేధ కంప్యూటర్లే, "హే కోపైలట్" అని పిలిస్తే పలుకుతాయి. 2016 ఆగస్టులో మా జిల్లాకు రెయిన్‌గన్‌లు దిగాయి. ఎండుతున్న వేరుశనగ మీద అవి జల్లు కొడుతుంటే ఫొటోలు ఎంత బాగా వచ్చాయో! గన్ను మంచిదే. దాని వెనక పైపులో నీళ్లుండాలి. అప్‌డేట్ అడిగినవాడికి కోపైలట్ చూపించడం నాకు ఆ ఫొటోల్లాగే కనబడింది.

వ్యంగ్యం ఇక చాలు. అసలు కరువుకూ దీనికీ పోలికే పెట్టకూడదు. అనంతపురంలో వాన పడకపోతే ఆకాశాన్ని తిట్టుకుంటాం, ఆకాశానికి ఆఫీసు లేదు, చైర్మన్ లేడు. ఈ కరువుకి అడ్రసుంది. విండోస్ 10కి మందు తయారీ ఆగిపోలేదు. డబ్బు కట్టే సంస్థల కోసం 2028 అక్టోబర్ దాకా ఆ అప్‌డేట్లు తయారవుతూనే ఉంటాయి. యంత్ర పరికరాల కోసం అమ్మిన ఒక ప్రత్యేక రకం విండోస్ 10కయితే 2032 జనవరి దాకా వస్తాయి. 2017లో వానాక్రై ప్రపంచాన్ని కుదిపేసినప్పుడు, సేవలు ఆపి మూడేళ్లయిన విండోస్ ఎక్స్‌పీకి కూడా ఇదే కంపెనీ ఉచితంగా ప్యాచ్ ఇచ్చింది. అంటే ఇవ్వగలరు. చెరువు నిండా నీళ్లున్నాయి, తూము మూసి తాళం జేబులో వేసుకున్నారు. దీన్ని కరువు అనరు.

విండోస్ 11కి పనికిరాక 24 కోట్ల కంప్యూటర్లు చెత్తకుప్పకు చేరవచ్చని కెనాలిస్ సంస్థ 2023లోనే అంచనా వేసింది. ఆ చెత్తంతా ఎక్కడ తేలుతుంది? ఢిల్లీ సీలంపూర్‌లోనో, మొరాదాబాద్‌లోనో. బోర్డులు కాల్చి, యాసిడ్‌లో ముంచి రాగి ఏరుకునే చేతులు ఎవరివో మైక్రోసాఫ్ట్ వారికి తెలియదా? రీసైక్లింగ్ అని ఎంత శుభ్రంగా రాశారు! సుభాష్ రోడ్డు అంగట్లో బొట్లు పెట్టించుకున్న ఆ మెషీన్ మీదే రైతులకు 1బీ, అడంగల్ ప్రింట్లు తీస్తున్నారు, పంటల బీమా అర్జీలు నింపుతున్నారు. అది చెడిపోలేదు. చెడిపోయిందని ఎవరూ అనలేదు కూడా. కొత్తది కొనమని అంటున్నారు, అంతే. ముప్పై వేలు పెట్టి. పేజీకి ఐదు రూపాయలు తీసుకునేవాణ్ణి.

ఇదంతా మాకు మరీ మండిపోవడానికి కారణం, కంపెనీ అధిపతి సత్య నాదెళ్ల గారి కుటుంబం మా జిల్లాది కావడం. యల్లనూరు మండలం బుక్కాపురం. ఆయన తండ్రి యుగంధర్ గారు ఐఏఎస్ అధికారిగా గ్రామీణాభివృద్ధి శాఖ చూశారు, ప్రణాళికా సంఘంలో సభ్యులుగా ఉన్నారు. పేదవాడి కళ్లతో ఫైలు చదివే అధికారి అని ఆయన్ను ఇప్పటికీ తలుచుకునేవాళ్లున్నారు. ఆ ఇంట పుట్టిన మనిషికి ముప్పై డాలర్లంటే ఇక్కడ ఎంతో విడమరిచి చెప్పాలా?

ఆయన్నని ఏం లాభం, అడగాల్సినవాళ్లు అడగనప్పుడు. యూరప్‌లో కూర్చున్న వినియోగదారుల సంఘం ఉత్తరాలు రాసి సాధించుకుంది. మన ఢిల్లీ నుంచి, మన అమరావతి నుంచి ఒక్క ఉత్తరం పోయిన జాడ లేదు. నాదెళ్ల గారు ఈ దేశానికి వచ్చినప్పుడల్లా ఫొటోలకు తోసుకునే పెద్దలు ఒకరా ఇద్దరా? ఈసారి శాలువా కప్పేటప్పుడు, కెమెరా వాళ్లు సర్దుకునేలోపు, చెవిలో ఒక్కమాట వేయండయ్యా: బుక్కాపురం తాలూకు జనం సార్, ఆ యూరప్ రేటు మాకూ వేయండి అని.