గట్టుశాస్త్ర ప్రవేశిక

జలాశయపు ఒడ్డున సులువైన నడక అనగా, ఎక్కుడూ దిగుడూ లేకుండా, చెప్పులకు బురద అంటకుండా, ఒక పక్క నీరూ మరొక పక్క ఫలహారశాలా కనిపిస్తూ ఉండగా, బయలుదేరిన చోటికే తిరిగి చేర్చే ప్రాతఃకాల సంచారమని నిర్వచించవచ్చు. ఈ నిర్వచనంలోని మొదటి షరతును గోదావరి నది ఏ పురపాలక సంఘపు తీర్మానమూ లేకుండానే, వేల ఏళ్ళపాటు ఒండ్రు తెచ్చి పరచి, ధవళేశ్వరం దిగువనుంచి సముద్రం దాకా నేలను చాపలాగా చదును చేసి నెరవేర్చి పెట్టింది. మిగిలిన షరతుల కోసం మాత్రం టెండర్లు పిలవవలసి వచ్చింది. ఆ టెండర్ల ఫలితంగా ఉభయ గోదావరి జిల్లాల్లో వెలసిన నడకదారులను పరిశీలించే విద్యకు ఇంకా ఎవరూ పేరు పెట్టలేదు కనుక, దానిని తాత్కాలికంగా గట్టుశాస్త్రం అనుకోవచ్చు.

డెల్టాలో గట్టు అన్న మాట ఒకటే అయినా వస్తువులు మూడు. వరదను ఊళ్ళ మీదికి రానీయకుండా ఆపే మట్టికట్టను ఏటిగట్టు అంటారు. కాలువ తవ్వినప్పుడు తీసిన మట్టిని ఇరువైపులా పోయగా ఏర్పడినది కాలువగట్టు. చెరువు నీటిని జారిపోనీయకుండా పట్టి ఉంచేది చెరువుగట్టు. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ షికారు కోసం వేసినది కాదన్నది ఈ శాస్త్రంలో మొదటి సూత్రం. బస్సులూ లారీలూ రాకముందు డెల్టాలో ధాన్యమూ మనుషులూ కాలువల మీద పడవల్లోనే కదిలే కాలంలో, గాలి అనుకూలించనప్పుడు పడవకు తాడు కట్టి, దాని రెండో కొసను భుజాన వేసుకొని, కాలువగట్టు వెంబడి మైళ్ళ తరబడి లాగుకుంటూ పోయే కూలీలు ఉండేవారు. వారి నడకకు కూలి ముట్టేది. ఇప్పుడు అదే గట్టు మీద నడిచేవారు ప్రత్యేకంగా బూట్లు కొని, అడుగులు లెక్కపెట్టే గడియారం చేతికి కట్టుకొని, ఎదురు ఖర్చు పెట్టుకొని, ఏమీ లాగకుండా నడుస్తున్నారు. అర్థశాస్త్రంలో దీనిని అభివృద్ధి అంటారు.

ఈ శాస్త్రానికి ప్రధాన ప్రయోగశాల రాజమహేంద్రవరం. 1022లో పట్టానికి వచ్చిన రాజరాజనరేంద్రుడు నన్నయ చేత భారతాన్ని తెనిగింపజేసిన ఈ ఊరికి ప్రభుత్వం 2015లో పాత పేరును తిరిగి ఇచ్చింది గాని, బస్సు కండక్టర్ల నోట నేటికీ అది రాజమండ్రే. వెయ్యేళ్ళ చరిత్ర గల ఊరిలో శాసనాలు చూడగోరి వచ్చిన యాత్రికుడికి అడుగడుగునా ఎదురయ్యేవి శిలాఫలకాలు. శిలాఫలకం అనగా, ఎవరు ఎప్పుడు దేనికి శంకుస్థాపన చేశారో నల్లరాతి మీద బంగారు రంగు అక్షరాలతో చెక్కగా, ఆ పని జరిగినా జరగకపోయినా తాను మాత్రం నిలిచి ఉండే రాయి. తూర్పు చాళుక్యుల శాసనాల్లో దానమిచ్చిన నేల ఏదో, దానికి తూర్పున ఏ చెట్టు, పడమర ఏ గుంట సరిహద్దో పూసగుచ్చినట్లు ఉంటుంది; నేటి శాసనాల్లో వేదికపైన కూర్చున్నవారి పేర్లు అంతే శ్రద్ధగా వరుస తప్పకుండా ఉంటాయి, గుంట సంగతి మాత్రం ఉండదు.

పుష్కర ఘాట్, మార్కండేయ ఘాట్, కిలోమీటరుకు పైగా మెట్లు పరచిన కోటిలింగాల ఘాట్, వీటి వెంబడి గోదావరి గట్టున నడిచేవారందరూ తాము నది ఒడ్డున నడుస్తున్నామని నమ్ముతారు. వరద నెలలు మినహాయిస్తే ఆ నమ్మకానికి ఆధారం తక్కువ. ఆనకట్ట అనగా ప్రవాహానికి అడ్డంగా నిలిచి, కాలువలకు అందేంత ఎత్తుకు నీటిమట్టాన్ని లేపే కట్టడం. ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరంలో ముగించిన ఆనకట్ట, 1982 నాటికి దాని స్థానంలోకి వచ్చిన బ్యారేజీ, ఊరికి కొద్ది దూరం దిగువన నీటిని నిలగట్టి ఉంచుతూ వచ్చాయి కాబట్టి, పాయలుగా చీలకముందు అఖండ గోదావరి అని పిలిచే ఆ విశాల జలం వేసవిలో శాస్త్రరీత్యా ఒక చెరువే. పారే గోదావరిని ఈ విధంగా చెరువు చేసుకొన్న ఊరు, నిలిచి ఉండే కంబాల చెరువులో మాత్రం దీపాల వెలుగులో నీటిని పైకి చిమ్మే ఫౌంటెన్ పెట్టించి దానికి చలనం కలిగించింది. కదిలేదాన్ని ఆపి, ఆగినదాన్ని కదిలించి, రెండింటి చుట్టూ ఇనుప కటకటాలు వేయడాన్ని సుందరీకరణ అంటారు.

ఇక కాటన్ దొర విగ్రహాలకు డెల్టాలో కొదవ లేదు. గుర్రం మీద కూర్చున్న దొరకు ఉదయపు నడకకు వచ్చినవారు భక్తితో నమస్కరించి తరువాతి చుట్టు మొదలుపెడతారు. కాలువలు తెచ్చి మూడు పూటలా వరి అన్నం పెట్టినవాడికి గుర్రం దిగవలసిన అవసరం కలగలేదు గాని, ఆ అన్నం తిన్నవారి మనుమలకూ మునిమనుమలకూ మాత్రం డాక్టర్లు రోజూ అయిదు కిలోమీటర్లు రాసి ఇస్తున్నారు.

కంబాల చెరువు పేరు కంభంవారి సత్రంతో ముడిపడినదని ఊళ్ళో చెప్పుకొంటారు. సత్రం ఉన్నచోట బాటసారికి నీరు కావాలి, నీటికోసం చెరువు కావాలి. అనగా ఆ కాలంలో నడిచి వచ్చినవాడికి చెరువు దొరికేది, ఈ కాలంలో చెరువు దగ్గరకు కారులో వచ్చి, కారు దిగి, నడిచి, తిరిగి కారెక్కుతున్నారు. గట్టుశాస్త్రంలో రెండో సూత్రం ఇక్కడే పుడుతుంది. చెరువు పెద్దదైతే చుట్టు పూర్తి కాదు, చుట్టు పూర్తి కాకపోతే నడిచినట్లు ఉండదు, పైగా ఊళ్ళో గౌరవం దూరాన్ని బట్టి గాక చుట్లను బట్టి లభిస్తుంది. రెండు కిలోమీటర్లు నడిచానంటే పట్టించుకోనివారు పది చుట్లు కొట్టానంటే ఆగి చూస్తారు. కనుక చెరువు చిన్నదయ్యేకొద్దీ నడిచేవారి ప్రతిష్ఠ పెరుగుతుంది. ఏ ఊరిలో చూసినా ఈ సూత్రానికి అనుగుణంగానే, పేవర్ రాళ్ళ దారి, దాత పేరూ దాత తండ్రి పేరూ రాసిన సిమెంటు బెంచీలు, ఎవరూ ఎక్కని వ్యాయామ యంత్రాలు, ఎర్రటి గుండె బొమ్మ పక్కన ఊరి పేరు గల బోర్డు, ఇవన్నీ ఒడ్డున చేరుతాయి. ఒడ్డు చాలనప్పుడు నీటివైపు జరుగుతాయి, ఎందుకంటే రెండో వైపున దుకాణాలున్నాయి, దుకాణదారులకు ఓట్లున్నాయి, చెరువులోని కొర్రమీనుకు ఓటు లేదు.

సముద్రానికి దగ్గరి పల్లెల్లో, బావి తవ్వితే ఉప్పునీరు పడేచోట, ఈ సంగతి ఇంతకుమునుపు వేరుగా ఉండేది. అక్కడ ఊరి ప్రాణమంతా మంచినీళ్ళ చెరువులో ఉండేది. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు, అనగా నీరు వదలడం ఆపివేస్తారు. మళ్ళీ నీరు వదిలేదాకా గొంతు తడవాలంటే ముందుగానే చెరువును అంచుదాకా నింపుకోవాలి. అందులో గేదెలు దిగరాదు, బట్టలు ఉతకరాదు. గట్టు మీద చెప్పులు వేసుకొని నడిస్తే పెద్దవారు కసిరేవారు. ఇరవై లీటర్ల నీళ్ళ క్యాను సైకిలెక్కి ఇంటింటికీ రావడం మొదలైన తరువాత, తాగడానికి పనికిరాని చెరువు కనీసం చూడటానికైనా పనికివస్తుందేమోనని ఆలోచన పుట్టింది. ఈలోగా గుర్రపుడెక్క, అనగా ఊదారంగు పూలు పూస్తూ చూస్తుండగానే నీటిని కప్పివేసే కలుపుమొక్క, కొన్ని చెరువులను ఎంత నిండుగా ఆక్రమించిందంటే, ఆ పచ్చదనం కళ్ళకు చలవ చేస్తుందని గట్టున నడిచేవారు ఒకరికొకరు చెప్పుకొంటున్నారు. నీరు కనబడకపోవడం వల్ల నడకకు కలిగిన లోటు ఏమీ నమోదు కాలేదు.

నడిచేవారిలో రెండు సంప్రదాయాలున్నాయి. చెరువును కుడిచేతివైపు ఉంచుకొని తిరగడం ప్రదక్షిణమనీ, అదే పుణ్యమూ ఆరోగ్యమూ అనీ ఒక వర్గం. ఎదురు తిరిగితేనే వచ్చే మనిషి ముఖం కనిపించి పలకరింపు సాధ్యమవుతుందని రెండో వర్గం. ఇద్దరూ ప్రతి చుట్టులోనూ రెండుసార్లు ఎదురుపడి, రెండుసార్లూ నమస్కారాలు మార్చుకొని, ఆరో నమస్కారానికి అలసి బెంచీ మీద కూర్చుంటారు. అక్కడ సాగే సంభాషణలో తరచు దొర్లే పారిభాషిక పదం కౌంటు. కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో చెప్పే సంఖ్యను కౌంటు అంటారు. ఆ సంఖ్య తగ్గేకొద్దీ రొయ్య పెద్దదనీ, ధర ఎక్కువనీ గ్రహించాలి. వరిచేలను తవ్వి రొయ్యల చెరువులు చేసినవారు, వాటి గట్లమీద కాపలావాడిని నడిపించి, తాము మాత్రం ఊరిచెరువు చుట్టూ స్వయంగా నడవడంలో శ్రమవిభజన ఉంది. చర్చ ముగిశాక పెసరట్టు ఉప్మా. నడక వల్ల కరిగినదానికీ ఉప్మా వల్ల చేరినదానికీ గల నిష్పత్తిని గడియారం చూపదు. అది అడుగులను మాత్రమే లెక్కిస్తుంది, గరిటెలను లెక్కించదు.

చుట్టు అన్న భావనకు లొంగని జలాశయం ఈ ప్రాంతంలో ఒకటే ఉంది, అది కొల్లేరు. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లంలో, బుడమేరూ తమ్మిలేరూ తెచ్చిన నీటిని పట్టుకొని, ఉప్పుటేరు దారిన సముద్రానికి వదిలే ఈ మంచినీటి సరస్సుకు ఒడ్డు ఎక్కడుందో కాళ్ళతో తెలుసుకోవడం సాధ్యం కాదు, కాంటూరుతో తెలుసుకోవాలి. సముద్రమట్టానికి ఒకే ఎత్తున ఉన్న చోట్లను కలుపుతూ పటం మీద గీసే గీత కాంటూరు. 1999లో ప్రభుత్వం అయిదు అడుగుల కాంటూరు వరకు, 308 చదరపు కిలోమీటర్ల మేర, దీనిని అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో రామ్‌సార్ ఒప్పందం కింద ప్రపంచమంతా దీనిని ముఖ్యమైన చిత్తడినేలగా గుర్తించింది. గుర్తించేనాటికే సరస్సులో గట్లు వేసి చేపల చెరువులు కట్టి ఉండటం వల్ల, నీటిలోనే నీటిని ఆక్రమించిన అపూర్వ దృశ్యం ఏర్పడింది. 2006లో ఆ గట్లను కూలగొట్టారు. 2008లో అభయారణ్యాన్ని మూడు అడుగుల కాంటూరుకు కుదించాలని శాసనసభ తీర్మానించింది. పెద్ద చెరువు చుట్టూ మనిషి నడవలేనప్పుడు చెరువునే మనిషికి దగ్గరగా జరపాలన్న రెండో సూత్రానికి ఇంతకంటె పెద్ద ఉదాహరణ దొరకదు. కొల్లేరు ఒడ్డునున్న ఆటపాకకు వచ్చే గూడబాతులు మాత్రం పటం చూడకుండా, నీరున్నచోట దిగుతున్నాయి.

అన్నింటికంటె సులువైన నడక మాత్రం రాజమహేంద్రవరం దగ్గర గోదావరిని దాటే హేవలాక్ వంతెన మీది నడక. 1900లో రైళ్ళకు తెరిచి 1997లో మూసిన ఈ వంతెన పొడవు రెండున్నర కిలోమీటర్లకు పైబడి ఉంటుంది. దానిని పాదచారుల విహారస్థలంగా మార్చాలన్న ఆలోచన, రైళ్ళు ఆగిన నాటినుంచి, ప్రభుత్వం తరువాత ప్రభుత్వంలో క్రమం తప్పక నడుస్తూనే ఉంది. 2025 జూన్‌లో అఖండ గోదావరి ప్రాజెక్టు పేరిట దీనికి కూడా శంకుస్థాపన జరిగింది. 2027లో పుష్కరాలున్నాయి కాబట్టి, అనగా బృహస్పతి పన్నెండేళ్ళకు తన చుట్టు పూర్తిచేసుకొని సింహరాశికి తిరిగి వస్తాడు కాబట్టి, ఈసారి పని జరగవచ్చునని ఆశించేవారున్నారు. గ్రహాల చుట్లు మాత్రం గడువు తప్పవు.

ఏటేటా వర్షాకాలంలో కొన్నాళ్ళు గట్టుశాస్త్రానికి సెలవు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది, నెలవారీ రక్తపు చక్కెర అంకెలు మరచిపోయేవారికి కూడా ఈ మూడు అంకెలు కంఠస్థం. ఆ రోజుల్లో నడిచేవారు కుటుంబసమేతంగా, కాల్చిన మొక్కజొన్న పొత్తులతో సహా వరద చూడటానికి వస్తారు. లంకలు, అనగా నది పాయల నడుమ ఒండ్రు పేరుకొని ఏర్పడిన దీవులు మునగగా, లంకలవారు బియ్యపు మూటలూ పిల్లలూ గేదెలూ పడవలకెక్కించి, ఏటిగట్టుకు చేరి, పరదాలు కట్టుకొని కాపురం పెడతారు. గట్టు తాను దేనికోసం పుట్టిందో ఆ పనిలో పడినందువల్ల, అక్కడ నడకకు చోటు చిక్కదు. పట్నంలో నీరు ఘాట్ల మెట్లు ఒక్కొక్కటే ఎక్కి, పేవర్ రాళ్ళ మీదుగా, దాతల బెంచీల కిందుగా, తొందర లేకుండా తిరిగి చూసుకొని, దిగిపోతుంది.

దిగిపోయిన తరువాత దారి పొడవునా వేలి మందాన మెత్తటి ఒండ్రు మిగులుతుంది. కాలు జారుతోందని మర్నాడే ఫిర్యాదు వెళుతుంది. పురపాలక సిబ్బంది గొట్టాలు తెచ్చి, డెల్టా దేనితో తయారైందో ఆ మట్టిని మురుగుకాలువలోకి కడిగివేసి, రాళ్ళు ఆరగానే ఆ సాయంత్రానికి నడకదారిని తెరుస్తారు.